ఆటగాడి చొక్కా మీద ఎర్ర పువ్వు

ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి రాసి ఇమ్మని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు, పే రివిజన్ల చరిత్ర రాద్దామా, డి.ఏ. బకాయిల చరిత్ర రాద్దామా అని ముందు ఆలోచనలో పడ్డాను. ఆ రెండూ మన సభ్యులందరికీ కంఠతా వచ్చినవే. వాటి మీద నేను కొత్తగా చెప్పగలిగింది ఏమీ లేదు. అందుచేత నా మనుమడు ఒకసారి అడిగిన ప్రశ్నను పట్టుకుని, కొంత దూరదేశపు చరిత్ర, కొంత మా ఆఫీసు చరిత్ర కలిపి రాస్తున్నాను. ఓపికతో చదవ ప్రార్థన.

2018 నవంబరు నెల. మనుమడు టీవీలో ఇంగ్లండు ఫుట్‌బాల్ మ్యాచి చూస్తున్నాడు. నేను పక్కన కూర్చుని పేపరు తిరగేస్తున్నాను. "తాతయ్యా, అందరి చొక్కాల మీదా ఎర్ర పువ్వు ఉంది. ఆ ఒక్కడికి లేదేం?" అని అడిగాడు. ఆ ఒక్కడు మాంచెస్టర్ యునైటెడ్ జట్టులో ఆడుతున్న నెమాన్యా మాటిచ్ అనే సెర్బియా దేశస్థుడు. పువ్వు దేనికో చెప్పగలిగాను గాని, అతను ఎందుకు పెట్టుకోలేదో చెప్పలేకపోయాను. "అయితే అతను పెట్టుకోవాలా, అక్కర్లేదా?" అన్నది వాడి రెండో ప్రశ్న. దానికి నా దగ్గర వెంటనే సమాధానం లేదు. కాని ఆ రాత్రంతా ఏనాటిదో మా ఆఫీసులోని రేకు డబ్బా ఒకటి కళ్ల ముందు మెదిలింది. ఆ డబ్బా సంగతి చివర మనవి చేస్తాను. ముందు పువ్వు సంగతి.

పువ్వు ఎక్కడిది?

ఆ పువ్వు పేరు పాపీ. మన వంటింటి గసగసాల మొక్కకు దాయాది. ఐరోపా పొలాల్లో కలుపు మొక్కలా మొలుస్తుంది. దాని విత్తనాలు మట్టిలో ఏళ్ల తరబడి నిద్రపోయి, నేల తిరగబడి వెలుగు తగిలినప్పుడు లేస్తాయి. మొదటి ప్రపంచయుద్ధంలో (1914-18) ఫిరంగి గుండ్లు బెల్జియం, ఉత్తర ఫ్రాన్సు పొలాలను దున్నిపోశాయి. చెట్టూ చేమా మాడిపోయిన ఆ నేల మీద, సైనికుల గోతుల మధ్య ఈ ఎర్ర పువ్వులే విరగబూశాయి. 1915 మే నెలలో కెనడా సైన్యపు వైద్యుడు జాన్ మెక్రే, తన మిత్రుడు యుద్ధంలో చనిపోయిన తరువాత, ఆ పూల మీద ఒక కవిత రాశాడు. ఆ సంవత్సరం డిసెంబరులో అది లండను పత్రిక ఒకదానిలో అచ్చయి లోకమంతా పాకింది. మెక్రే యుద్ధం ముగియడం చూడలేదు. 1918 జనవరిలో జబ్బుచేసి మరణించాడు.

1918 నవంబరు 11 ఉదయం 11 గంటలకు తుపాకులు ఆగాయి. ఆ నెలలోనే అమెరికాలో మొయినా మైకేల్ అనే ఉపాధ్యాయిని, మృతుల జ్ఞాపకార్థం ఎప్పుడూ పాపీ పువ్వు ధరిస్తానని సంకల్పం చెప్పుకుంది. ఫ్రాన్సు దేశపు మహిళ ఆన్నా గెరాన్, గుడ్డతో చేసిన ఈ పువ్వులను అమ్మి యుద్ధంలో నాశనమైన ప్రాంతాల తల్లీపిల్లలను ఆదుకోవచ్చునని ప్రచారం చేసింది. ఆమె 1921లో లండను వెళ్లి, ఆ ఏడాదే ఏర్పడిన బ్రిటిష్ లీజియన్ అనే మాజీ సైనికుల సంఘం వారిని ఒప్పించింది. 1921 నవంబరు 11న మొదటి పాపీ దినం జరిగింది. లక్షా 6 వేల పౌండ్లు వసూలయ్యాయి. మరుసటి ఏడు అంగవైకల్యం పొందిన సైనికులే కూర్చుని ఈ పువ్వులు తయారుచేసే కార్ఖానా లండనులో మొదలైంది.

అంటే ఈ పువ్వు పుట్టుక దండయాత్రలో లేదు. విజయోత్సవంలోనూ లేదు. అది ఒక విధంగా కుటుంబ పింఛను వంటిది. అన్నం పెట్టేవాడు పోయిన ఇంటికి నలుగురూ తలా ఒక చిల్లర వేసి ఇచ్చే ఆసరా. పింఛనుతో బ్రతికే మనకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

ఆటగాళ్లకూ యుద్ధానికీ సంబంధం ఏమిటి?

పువ్వు కంటే ముందే ఆటగాళ్ల మీద ఒత్తిడి వచ్చింది. 1914 ఆగస్టులో యుద్ధం మొదలైనప్పుడు బ్రిటన్‌లో నిర్బంధ సైనికసేవ లేదు. అది 1916లో గాని చట్టం కాలేదు. అంతవరకు యువకులను కదిలించడానికి సిగ్గునే ఆయుధంగా వాడారు. ఆ ఆగస్టులోనే ఫోక్‌స్టన్ పట్నంలో పదవీ విరమణ చేసిన ఒక అడ్మిరల్, 30 మంది స్త్రీలను పోగుచేసి, సైన్యంలో చేరని మగవాళ్లకు వీధిలోనే తెల్లని ఈక చేతిలో పెట్టించాడు. తెల్ల ఈక అంటే పిరికివాడని అర్థం. ఈ పని దేశమంతా పాకింది. గాయపడి ఇంటికి వచ్చి మామూలు దుస్తుల్లో తిరుగుతున్న సైనికులకూ ఈకలు అందాయి. చివరికి 1916 సెప్టెంబరులో ప్రభుత్వం, సేవ చేసి వైదొలగినవారికి వెండి బిళ్ల ఒకటి ఇవ్వవలసి వచ్చింది. "నేను నా వంతు చేశాను, నన్ను వదిలిపెట్టండి" అని చెప్పుకోవడానికన్న మాట.

ఫుట్‌బాల్ ఆటగాళ్లు అందరికంటే ఎక్కువగా జనం కళ్లలో పడ్డారు. దిట్టమైన శరీరాలు, వారం వారం వేలమంది ఎదుట ఆట. "వీళ్లు ఇక్కడెందుకు?" అన్న ప్రశ్న పత్రికల్లో లేచింది. స్కాట్లండులో ఎడిన్‌బరో నగరానికి చెందిన హార్ట్స్ జట్టు ఆ ఏడాది లీగులో అందరికన్నా ముందుంది. ఆ జట్టుకు "తెల్ల ఈకలు" అని పేరు మార్చాలని ఒకరు పత్రికకు ఉత్తరం రాశారు. ఆ నవంబరులోనే హార్ట్స్ ఆటగాళ్లు కూడబలుక్కుని సైన్యంలో చేరారు. మొత్తం 16 మంది వెళ్లారు. పగలు కవాతు, వారాంతంలో ఆట అయ్యేసరికి వారి కాళ్లు అలిసిపోయాయి. లీగు టైటిలు సెల్టిక్ జట్టుకు పోయింది. టైటిలు పోతే పోయింది. 16 మందిలో ఏడుగురు యుద్ధం నుంచి తిరిగి రాలేదు. వారిలో ముగ్గురు 1916 జూలై 1న, సోమ్ యుద్ధపు మొదటి రోజునే పోయారు. 1922లో ఎడిన్‌బరోలోని హేమార్కెట్ కూడలిలో వారి జ్ఞాపకార్థం గడియారంతో కూడిన స్తంభం నిలిపారు. ఏటా నవంబరులో జట్టు, అభిమానులు అక్కడ చేరి నివాళి అర్పిస్తారు.

కనుక "ఆటకూ యుద్ధానికీ ఏమి సంబంధం?" అని తేలికగా తీసిపారేసేవారితో నేను ఏకీభవించను. ఆ జట్లకు తమ సొంత మృతులు ఉన్నారు. తన జట్టు వాడిని తలుచుకోవడానికి చొక్కా మీద పువ్వు పెట్టుకునేవాడికి నా నమస్కారం. అయితే ఆ ఏడుగురి కథలోనే మరొక పాఠం కూడా ఉంది. వారిని వెంటాడింది కూడా చొక్కాకు సంబంధించిన గుర్తే. పెట్టుకున్నవాడు వీరుడు, పెట్టుకోనివాడు ద్రోహి అనే లెక్క మొదలైతే, ఎర్ర పువ్వుకూ తెల్ల ఈకకూ తేడా ఎంతో మిగలదు.

డెర్రీ కుర్రవాడు

జట్ల చొక్కాల మీదే పాపీ పువ్వు వేయించడం పాత సంప్రదాయం కాదు. 2000 తరువాత క్రమంగా వచ్చి, 2009లో ఒక పత్రిక చేసిన ప్రచారంతో దాదాపు అన్ని పెద్ద జట్లకూ పాకింది. అంతకు ముందు ఎనభై ఏళ్లు అదే దేశంలో, అవే జట్లు చొక్కా మీద పువ్వు లేకుండానే ఆడాయి. అప్పుడు ఎవరూ వారిని కృతఘ్నులు అనలేదు.

ఈ కొత్త అలవాటుకు మొదట అడ్డు నిలిచిన ఆటగాడు జేమ్స్ మెక్‌లీన్. అతను 1989లో ఉత్తర ఐర్లండులోని డెర్రీ పట్నంలో, క్రెగాన్ అనే పేటలో పుట్టాడు. ఆ ఊళ్లో 1972 జనవరి 30, ఆదివారం నాడు పౌరహక్కుల ఊరేగింపు మీద బ్రిటిష్ పారాచూట్ రెజిమెంటు సైనికులు కాల్పులు జరిపారు. 13 మంది అక్కడికక్కడే చనిపోయారు. మరొకరు తరువాత మరణించారు. చనిపోయిన వారు నేరస్థులన్న మచ్చ తుడవడానికి ఆ కుటుంబాలు 38 ఏళ్లు పోరాడాయి. 2010 జూన్‌లో విచారణ నివేదిక వెలువడి, మృతులెవరూ ప్రమాదకారులు కాదని తేలిన తరువాత బ్రిటిష్ ప్రధాని డేవిడ్ కామెరన్ పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు.

ఆ తరువాత రెండేళ్లకు, 2012 నవంబరులో, సండర్లండ్ జట్టు తరఫున ఆడుతున్న మెక్‌లీన్ పాపీ లేని చొక్కాతో మైదానంలోకి దిగాడు. జనం గోల చేశారు. చంపుతామన్న బెదిరింపులు వచ్చాయి. విగాన్ జట్టుకు మారాక, 2014లో జట్టు అధ్యక్షుడికి ఒక ఉత్తరం రాసి తన మనసు విప్పి చెప్పాడు. ఆ ఉత్తరం సారాంశం ఇది: రెండు ప్రపంచయుద్ధాల్లో చనిపోయినవారి మీద తనకు పూర్తి గౌరవం ఉంది, వారిలో ఐరిష్ వాళ్లూ ఎందరో ఉన్నారు, పువ్వు వారి కోసమే అయితే తప్పక పెట్టుకునేవాడు, కాని ఆ పువ్వు తరువాతి యుద్ధాలన్నిటికీ గుర్తుగా ఉంది, తన ఊళ్లో దానికి వేరే అర్థం ఉంది, దాన్ని పెట్టుకుంటే తన ఊళ్లో చనిపోయినవారిని అగౌరవపరచినట్టు అవుతుంది. ఉత్తరం మర్యాదగా ఉంది. అయినా ఆ తరువాత ఏళ్లలో అతను ఏ జట్టుకు వెళ్లినా నవంబరు వస్తే గోల తప్పలేదు.

మన వైపు నుంచి ఒక్కసారి ఆలోచించండి. 1919లో జలియన్‌వాలా బాగ్‌లో కాల్పులకు ఆజ్ఞ ఇచ్చిన సైన్యపు స్మారక చిహ్నాన్ని అమృత్‌సర్ మనిషి ఒకడు చొక్కాకు పెట్టుకోలేదనుకోండి. మనం అతన్ని నిలదీస్తామా?

అయితే ఒక వైపే చెప్పి ఊరుకోవడం చరిత్రకు న్యాయం కాదు. అదే ఉత్తర ఐర్లండులో ఎన్నిస్కిల్లెన్ అనే పట్నం ఉంది. 1987 నవంబరు 8న అక్కడి జనం యుద్ధమృతుల స్మారక స్తంభం దగ్గర నివాళికి చేరినప్పుడు ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ పెట్టిన బాంబు పేలింది. 11 మంది చనిపోయారు. పన్నెండో వ్యక్తి 13 ఏళ్లు స్పృహ లేకుండా ఉండి 2000లో కన్నుమూశారు. ఆ ఊరి మనిషికి పాపీ పువ్వు అంటే పోయిన తల్లీ తండ్రీ. డెర్రీకీ ఎన్నిస్కిల్లెన్‌కూ మధ్య దూరం మన రెండు జిల్లాల మధ్య దూరం పాటిది. ఒకే పువ్వు, రెండు గాయాలు.

మరి ఈ ముడి విప్పడం ఎలా? విప్పినవారు ఉన్నారు. 2011 మే నెలలో బ్రిటిష్ రాణి ఎలిజబెత్ డబ్లిన్ వెళ్లి, బ్రిటన్‌తో పోరాడి చనిపోయిన ఐరిష్ వాళ్ల స్మారక వనంలో పుష్పగుచ్ఛం ఉంచింది. 1920 నవంబరు 21న బ్రిటిష్ బలగాలు ఆట చూస్తున్న జనం మీద కాల్పులు జరిపి, ఒక ఆటగాడితో సహా 14 మందిని చంపిన క్రోక్ పార్క్ మైదానానికి కూడా వెళ్లింది. 2012 నవంబరులో ఐర్లండు ప్రధాని ఎండా కెనీ ఎన్నిస్కిల్లెన్ వెళ్లి స్మారక స్తంభం దగ్గర నివాళి అర్పించాడు. ఆయన పెట్టింది పాపీ చక్రం కాదు, ఆకుపచ్చని లారెల్ ఆకుల చక్రం. అక్కడి వారెవరూ "పాపీ ఏది?" అని అడగలేదు. మనిషి వచ్చాడు, తల వంచాడు, అంతే చాలనుకున్నారు.

సెర్బియా ఆటగాడు, చైనా మర్యాద, ఫిఫా జరిమానా

మా మనుమడు అడిగిన మాటిచ్ సంగతికి వస్తాను. 1999లో నాటో విమానాలు సెర్బియా మీద బాంబులు వేసినప్పుడు అతను వ్రేలో అనే పల్లెలో చిన్న పిల్లవాడు. ఆ దాడుల్లో బ్రిటన్ కూడా ఉంది. ఆ భయం తనను వదలలేదని, పువ్వు పెట్టుకునేవారిని తప్పుపట్టడం లేదని, తాను మాత్రం పెట్టుకోలేనని అతను 2018 నవంబరులో బహిరంగంగా చెప్పాడు. బాంబుల కింద దాక్కున్న పిల్లవాడు పెద్దవాడై ఆ మాట అంటే మనం కాదనగలమా?

2010 నవంబరులో కామెరన్ బృందం చైనా వెళ్లినప్పుడు కోటుకు ఉన్న పాపీలు తీసివేయమని చైనా అధికారులు కోరారు. వారికి ఆ పువ్వు చూస్తే నల్లమందు యుద్ధాలు గుర్తుకు వస్తాయి. కామెరన్ బృందం తీయలేదు. తమ మృతుల గుర్తును పరాయి దేశంలోనూ తీయని వారి పట్టుదలకు మెచ్చుకోవలసిందే. అదే పట్టుదల డెర్రీ కుర్రవాడు చూపితే తప్పు ఎలా అవుతుందన్నదే నా ప్రశ్న.

అంతర్జాతీయ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా మరొక చివరకు వెళ్లింది. చొక్కాల మీద రాజకీయ, మత, వ్యక్తిగత సంకేతాలు ఉండరాదన్నది నియమం. 2011లో ఇంగ్లండు-స్పెయిన్ మ్యాచికి పాపీ వద్దన్నది. చివరికి నల్ల చేతిపట్టీ మీద పువ్వుకు ఒప్పుకున్నది. 2016 నవంబరు 11న ఇంగ్లండు, స్కాట్లండు జట్లు అటువంటి పట్టీలే కట్టుకుని ఆడితే జరిమానా వేసింది. ఇంగ్లండుకు 45 వేల స్విస్ ఫ్రాంకులు, స్కాట్లండుకు 20 వేలు. పువ్వును ప్రదర్శించిన వేల్స్‌కు 20 వేలు, ఉత్తర ఐర్లండుకు 15 వేలు పడ్డాయి. 1916 నాటి డబ్లిన్ తిరుగుబాటుకు నూరేళ్లయిన గుర్తును చొక్కా మీద వేసుకున్నందుకు ఐర్లండుకు కూడా 5 వేలు పడింది. 2017లో నియమాన్ని సడలించారు. ఎదుటి జట్టు, నిర్వాహకులు ఒప్పుకుంటే పెట్టుకోవచ్చునన్నారు. ఆ నవంబరులో వెంబ్లీ మైదానంలో ఇంగ్లండు జట్టుతో పాటు జర్మనీ జట్టు కూడా పాపీ ఉన్న నల్ల పట్టీలు కట్టుకుని ఆడింది. ఎవరి తాతలు ఎవరిని చంపారో మనకు తెలుసు. జర్మనీ వారిని ఎవరూ బలవంతపెట్టలేదు. అందుకే ఆ దృశ్యానికి అంత విలువ వచ్చింది.

మన దేశంలో

"ఇదంతా తెల్లవాళ్ల గొడవ, మనకెందుకు?" అనవచ్చు. మొదటి ప్రపంచయుద్ధంలో మన దేశం నుంచి 13 లక్షలకు పైగా వెళ్లారు. సుమారు 74 వేల మంది తిరిగి రాలేదు. వెళ్లినవారిలో నిజాం సంస్థానపు హైదరాబాద్ లాన్సర్లు కూడా ఉన్నారు. వారు ఈజిప్టు, పాలస్తీనా ప్రాంతాల్లో మైసూరు, జోధ్‌పూర్ అశ్వదళాలతో కలిసి పనిచేశారు. ఢిల్లీలోని తీన్ మూర్తి కూడలిలో నిలబడ్డ మూడు విగ్రహాలు ఈ మూడు సంస్థానాల సైనికులకు గుర్తు. ఎల్.టి.సి. మీద ఢిల్లీ వెళ్లిన మనలో ఎంతమందిమి ఆ కూడలి దాటి పోయి ఉంటాము! వాటిలో ఒకటి మన హైదరాబాదుదని ఎందరికి తెలుసు?

మన ఆటగాళ్ల సంగతి కూడా ఉంది. 2019 ఫిబ్రవరి 14న పుల్వామాలో 40 మంది సి.ఆర్.పి.ఎఫ్. జవాన్లు బలయ్యారు. మార్చి 8న రాంచీలో ఆస్ట్రేలియాతో జరిగిన వన్డేలో మన క్రికెట్ జట్టు సైనిక టోపీలు పెట్టుకుని ఆడి, మ్యాచి ఫీజులను జాతీయ రక్షణ నిధికి ఇచ్చింది. ఐ.సి.సి. అనుమతించింది. ఆ జూన్‌లో ప్రపంచకప్పులో, ప్రాదేశిక సైన్యంలో గౌరవ లెఫ్టినెంట్ కర్నల్ అయిన ధోనీ తన కీపింగు గ్లోవుల మీద పారాచూట్ దళపు బలిదాన్ చిహ్నం వేసుకుంటే, అదే ఐ.సి.సి. తీసివేయమన్నది. తరువాతి మ్యాచికి అతను ఆ గుర్తు లేకుండానే వచ్చాడు. అప్పుడు మన ఇళ్లలో జరిగిన వాదోపవాదాలు మీకూ గుర్తుండే ఉంటాయి. నేనూ ధోనీ పక్షమే మాట్లాడాను. కాని ఒక్క ప్రశ్న అప్పుడు నాకు తట్టలేదు. ఆ రాంచీ మ్యాచిలో పదకొండు మందిలో ఒకడు ఏ కారణం చేతనో టోపీ పెట్టుకోకుండా వస్తే, మనం అతన్ని కారణం అడిగేవాళ్లమా, లేక కారణం అడగకుండానే తీర్పు చెప్పేవాళ్లమా?

ఈ విషయం మన సంఘ సభ్యుడు, సైన్యంలో పనిచేసి తరువాత మన శాఖలో చేరిన మిత్రుడితో చర్చించాను. ఆయన వాదన బలమైనది. "ఏమండీ, పేరున్నవాడు పెట్టుకుంటే పదిమంది చూస్తారు. పదిమంది చూస్తే నిధికి డబ్బు వస్తుంది. ఆ డబ్బు జవాను భార్యకు చేరుతుంది. పిల్లలకు మా సంగతి తెలిసేది కూడా అలాగే. ఇష్టం వచ్చినవాళ్లే పెట్టుకోవాలంటే కొన్నాళ్లకు ఎవరూ పెట్టుకోరు" అన్నారు. ఇందులో నిజం ఉంది. మరపు మనిషికి సహజం, జ్ఞాపకానికే ప్రయత్నం కావాలి. ఆటగాళ్లను అడగడంలో తప్పులేదు. మైదానంలో రెండు నిమిషాల మౌనం పాటించాలనడంలో అసలే తప్పులేదు. మౌనాన్ని భంగపరచకుండా తల వంచి నిలబడడం అందరి బాధ్యత. అడగడం వేరు, అడిగినప్పుడు కాదన్నవాడిని వేలెత్తి చూపడం వేరు. మనం ఉద్యోగాలు చేసినవాళ్లం. యజమాని యూనిఫాం ఇవ్వవచ్చు, అది వేసుకుని డ్యూటీకి రమ్మనవచ్చు. దుఃఖాన్ని మాత్రం సర్క్యులర్ ద్వారా జారీ చేయలేడు. ఆ పువ్వును అమ్మే బ్రిటిష్ లీజియన్ వారు సైతం పెట్టుకోవడం ఎవరి ఇష్టం వారిదనే చెబుతారు.

రేకు డబ్బా

ఇప్పుడు మా ఆఫీసు సంగతి. 1949 నుంచి డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినం జరుపుకుంటున్నాము. ఎరుపు, ముదురు నీలం, లేత నీలం రంగుల చిన్న కాగితపు జెండా, గుండుసూది, రేకు డబ్బా. మన తరంలో ఇవి చూడని ఉద్యోగి ఉండడు. 1970ల మొదట్లో నేను ఒక జిల్లా ఆఫీసులో యు.డి.సి.గా ఉన్నాను. ఆ ఏడు డబ్బా నా చేతికి వచ్చింది. సర్క్యులర్‌లో "స్వచ్ఛందంగా" అనే మాట ఉంది. డబ్బాతో పాటు సిబ్బంది పేర్ల జాబితా కూడా ఉంది. ఈ రెండూ ఒకేసారి ఎందుకున్నాయో నేను ఆలోచించలేదు.

మా అటెండరు ఒకరు ఉండేవారు. నాకంటే పదేళ్లు పెద్ద. ఆయన డబ్బాలో రూపాయి వేశారు. ఆ రోజుల్లో ఆయన జీతానికి రూపాయి తక్కువ కాదు. జెండా మాత్రం జేబులో పెట్టుకున్నారు. మధ్యాహ్నం సూపరింటెండెంటు గారు వచ్చి, జెండా పెట్టుకోనివాళ్ల పేర్లు రాసి ఇమ్మన్నారు. నేను రాశాను. ఒకటే పేరు. ఆయనను గదిలోకి పిలిచారు. బయటికి వచ్చేసరికి చొక్కాకు జెండా ఉంది. సెక్షనంతా చూసి నవ్వుకుంది. నేనూ నవ్వాను.

సాయంత్రం సైకిల్ స్టాండు దగ్గర ఆయన ఆ జెండాను విప్పి, గుండుసూదితో సహా కాగితంలో మడిచి జేబులో పెట్టుకుంటున్నారు. "ఇంటికి పెట్టుకునే వెళ్లొచ్చుగా?" అన్నాను, వేళాకోళంగానే.

"మా తమ్ముడు మిలిటరీలో ఉండేవాడండీ. అరవై రెండులో చైనా యుద్ధానికి వెళ్లాడు. ఆచూకీ లేదని తంతి వచ్చింది. మా అమ్మ ఇంకా వస్తాడనే కూర్చుంది. ఈ జెండా పోయినవాళ్ల కోసమని ఆవిడకు ఎవరో చెప్పారు. ఇది పెట్టుకుని నేను గడప దాటితే, వాడు పోయాడని నేనే ఒప్పుకున్నట్టు కదండీ" అన్నారు.

సైకిలెక్కి వెళ్లిపోయారు. ఆ మరుసటి ఏడు నేను పేర్లు రాయలేదని చెప్పుకుంటే బాగానే ఉంటుంది గాని, అప్పటికి నన్ను వేరే సెక్షనుకు మార్చారు, డబ్బా మరొకరి చేతికి వెళ్లింది. ఆయనను క్షమించమని నేను అడగలేదు. వారం పది రోజులు అడుగుదామనుకున్నాను, తరువాత ఊరుకున్నాను. ఆయన మరణవార్త విన్నప్పుడు నేను మరో జిల్లాలో ఉన్నాను.

ఆ సెక్షన్లో ఆనాడు జెండా పెట్టుకున్నవాళ్లం పాతికమందిమి. సైన్యానికి తన ఇంటి మనిషిని ఇచ్చినవాడు ఒక్కడే. జెండా పెట్టుకోనివాడూ ఆ ఒక్కడే. చొక్కా చూసి మనిషిని లెక్కగట్టడం ఎంత పొరపాటో నాకు చరిత్ర పుస్తకాలు చెప్పలేదు, ఆ సైకిల్ స్టాండు చెప్పింది.

మనుమడికి మరునాడు ఈ కథే చెప్పాను. వాడు కాసేపు ఊరుకుని, "అయితే అతన్ని ఎందుకు పెట్టుకోలేదని అడగొచ్చు గాని, తిట్టకూడదన్న మాట" అన్నాడు. ఇంత వ్యాసం నేను రాయనక్కరలేకపోయింది!

డిసెంబరు 7 వస్తున్నది. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం వారు పంపే జెండాలు మన సంఘ భవనానికి కూడా వస్తాయి. సభ్యులు శక్తి కొద్దీ డబ్బాలో వేయవలసిందిగా మనవి. నేను జెండా తీసుకుని చొక్కాకు పెట్టుకుంటాను. పక్కవారి చొక్కా వైపు మాత్రం చూడను.